మందు మింగించే చెయ్యి



వంటింట్లో మనకు తెలియని కొలతంటూ లేదు. పులిహోరకి ఉప్పెంతో, ఆవకాయకి కారమెంతో చెయ్యే చెబుతుంది. ఎప్పుడైనా ఒక రవ్వ ఎక్కువైతే ఇంట్లోవాళ్ళు మొహం చిట్లించి, మజ్జిగ పోసుకుని లేచిపోతారు. అంతకన్న నష్టం లేదు. కానీ ప్రతి ఇంట్లోనూ ఇంకో డబ్బా ఉంటుంది. పాత బిస్కెట్ల డబ్బాయో, స్వీట్ల డబ్బాయో, మందులతో నిండి ఉంటుంది. దానికీ పెత్తనం మనదే. మామగారికి రక్తపోటు బిళ్ళ, అత్తగారికి షుగరు బిళ్ళ, పిల్లవాడికి జ్వరం మందు, వేళకి మింగించే చెయ్యి మనదే. మరి ఆ కొలత మనకెవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. ఇవాళ మీతో ఆ సంగతే ముచ్చటిద్దామనుకుంటున్నాను. పెద్ద చదువు చదివి చెబుతున్న మాటలు కావివి. ఒక పొరపాటు చేసి నేర్చుకున్నవి.

మా అత్తవారిది కోనసీమలో రాజోలు. మా అత్తగారికి కీళ్ళవాతం. చేతివేళ్ళ కణుపులు వాచి, పొద్దున్నే లేచేసరికి గుప్పిట ముడవలేకపోయేవారు. డాక్టరుగారు మందు రాసిచ్చాక నెమ్మదిగా తేరుకుని, ముగ్గు తనే వేసుకునే స్థితికి వచ్చారు. ఆవిడ మందుల సంగతి మా తోడికోడలు చూసుకునేది. ఓసారి ఆవిడ పుట్టింటికి వెళ్ళవలసివచ్చి, వారం రోజులు అత్తగారిని కనిపెట్టుకోవడానికి నేను వెళ్ళాను. బస్సు వేళయిపోతోందన్న తొందరలో, "పచ్చబిళ్ళలు రెండు రకాలు, ఒకటి రోజూ, ఒకటి ఆదివారం" అని చెప్పి వెళ్ళింది. నేను తలూపాను.

రెండూ చిన్నవే. రెండూ పసుపుపచ్చగానే ఉన్నాయి. రెంటి పేర్లూ మొదటి అక్షరం నుంచి ఒకలాగే వినిపిస్తాయి. షాపువాడు రెండు అట్టలూ ఒకే కవర్లో వేసిచ్చాడు. మందుల చీటీ చూశాను గానీ ఆ రాత నాకు కొరుకుడు పడలేదు. ఫోన్ చేసి అడగవచ్చు కదా, "ఇంతమాత్రం తెలియదా" అనుకుంటారేమోనని మొహమాటం. నాకు తోచిన అట్టలోంచి రోజూ ఒకటి చొప్పున ఇవ్వడం మొదలుపెట్టాను. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు రోజులు, ఆరు బిళ్ళలు.

శనివారానికి అత్తగారికి నోటిపూత. "వేడి చేసింది, అంతే" అనుకుని మజ్జిగ తాగించాను, పెదవులకి వెన్న రాశాను. ఆదివారానికి మంచినీళ్ళు కూడా గొంతు దిగలేదు. ఆ మధ్యాహ్నమే మా తోడికోడలి కూతురు శలవలకి ఇంటికి వచ్చింది. ఆ పిల్ల నర్సింగు చదువుతోంది. మామ్మ నోట్లో లైటు వేసి చూసి, మాట్లాడకుండా లోపలికెళ్ళి మందుల కవరు తెచ్చింది. ఖాళీ అయిన గుంటలు లెక్కపెట్టింది.

"పిన్నీ, ఇది రోజూ ఇచ్చావా?"

"అవును, రోజూ ఒకటే ఇచ్చాను."

"ఇది వారానికొకటి పిన్నీ" అంది. నన్ను ఒక్కమాట అనలేదు. కారు పిలవమంది. ఖాళీ అట్టలు, చీటీ సంచిలో వేసుకుంది. ముందు ఆదివారం మా తోడికోడలు ఇచ్చిన బిళ్ళతో కలుపుకుంటే ఏడు రోజుల్లో ఏడు బిళ్ళలు, అంటే ఏడు వారాల మందు. పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే తెల్లకణాలు బాగా పడిపోయాయన్నారు. పదకొండు రోజులు ఉంచారు. బతికి ఇంటికి వచ్చారు, అది మా అదృష్టం. ఇంకో రెండు రోజులు నేను మజ్జిగ తాగిస్తూ కూర్చునుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

ఆసుపత్రి వరండాలో ఆ పిల్ల తన పాఠం నాకు అప్పజెప్పింది. నేను వారానికొకసారి ఇవ్వవలసినదాన్ని రోజూ ఇచ్చిన మందు పేరు మెతోట్రెక్సేట్. రోజూ ఇవ్వవలసిన రెండోది ఫోలిక్ ఆమ్లం. ఈ రెంటి సంబంధం వింటే మీకూ విడ్డూరంగా ఉంటుంది.

ఫోలిక్ ఆమ్లం ఒక విటమిను. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉంటుంది. ఒంట్లో కొత్తకణం పుట్టాలంటే అది కావాలి. అందుకే గర్భిణీ స్త్రీలకి ఇనుముతో కలిపి ఇస్తారు. మెతోట్రెక్సేట్ అచ్చం ఆ విటమినులాగే ఉండే దొంగ తాళంచెవి. తాళంలో దూరుతుంది గానీ తెరవదు, అసలు చెవిని దూరనివ్వదు. అప్పుడు కొత్తకణాలు పుట్టడం ఆగిపోతుంది. ఎక్కువ మోతాదులో క్యాన్సరు కణాలను ఆపడానికి వాడతారు. కీళ్ళవాతానికైతే చాలా తక్కువ మోతాదులో, సాధారణంగా 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల దాకా, అదీ వారానికి ఒక్కరోజే ఇస్తారు. ఆ కొంచెంతోనే కీళ్ళ వాపు నెమ్మదిస్తుంది. మిగతా రోజుల్లో ఒళ్ళు తేరుకోవడానికి ఫోలిక్ ఆమ్లం ఇస్తారు. అదే మందు రోజూ పడితే, మన ఒంట్లో రోజూ కొత్తగా పుట్టవలసిన వాటి మీద దెబ్బ పడుతుంది. నోటిలోపలి పొర, పేగుల పొర, ఎముకల మూలుగులో తయారయ్యే రక్తకణాలు అలాంటివి. అందుకే మొదట నోరు పూస్తుంది. నేను వేడి అనుకున్నది మందు చేస్తున్న హెచ్చరిక. పైగా ఈ మందు మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. పెద్దవయసు వాళ్ళలో అవి మందగించి ఉంటాయి కనుక మందు ఒంట్లోనే నిలవ ఉండిపోతుంది.

దీనికి విరుగుడుగా ఆసుపత్రిలో ఏమిచ్చారో తెలుసా? ఫోలినిక్ ఆమ్లం. ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి చుట్టం.

ఇంకో సంగతి కూడా ఆ వరండాలోనే తెలిసింది. ఈ మందుల వెనక ఉన్న మనిషి మన గోదావరి గట్టువాడే. యల్లాప్రగడ సుబ్బారావుగారు. రాజోలు నుంచి వశిష్ఠ దాటితే అవతలి వైపు భీమవరం. అక్కడ 1895 జనవరి 12న పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. పదో తరగతితో చదువాగిన నాబోటివాళ్ళకి ఆ మాట ఎంత ధైర్యమో! అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే గ్రహణిరోగంతో రోజుల తేడాలో పోయారు. 1922లో అమెరికా వెళ్ళారు. 1940 నుంచి లెడర్లే కంపెనీ ప్రయోగశాలలో పనిచేస్తూ పరిశోధనలకు పెద్ద అయ్యారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. అన్నదమ్ములను పొట్టనపెట్టుకున్న ఆ స్ప్రూకి అదే మందయింది. దానికి ప్రతిగా పనిచేసే మందులూ అక్కడే పుట్టాయి. అలా పుట్టిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సరు పిల్లలకి ఇచ్చి, కొంతకాలమైనా జబ్బు వెనకపట్టు పట్టిందని 1948లో ప్రకటించాడు. దాని తోబుట్టువే మెతోట్రెక్సేట్. సుబ్బారావుగారు ఆ 1948 ఆగస్టులోనే కన్నుమూశారు. ఆయన శతజయంతికి, 1995లో, తపాలాశాఖ బిళ్ళ వేసింది.

అంత గొప్పమనిషి శ్రమతో వచ్చిన మందు ఎందరి గుప్పిళ్ళో మళ్ళీ ముడిపించింది. అదే మందు నా చేతిలో ప్రాణం మీదికి తెచ్చింది. మందులో లోపం లేదు. మింగించిన చేతిలో ఉంది.

నర్సింగు పిల్లలకి మందుల పాఠంలో మొట్టమొదట నేర్పేది మందుల పేర్లు కావట. అయిదు ప్రశ్నలట. రోగి మంచం దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ అడుగుకోవాలి. సరైన మనిషేనా? సరైన మందేనా? సరైన మోతాదేనా? సరైన దారేనా? సరైన వేళేనా? ప్రమాదకరమైన మందులైతే ఒక నర్సు చూశాక రెండో నర్సు కూడా సరిచూడాలి. మూడు నాలుగేళ్ళు చదివినవాళ్ళకే అంత జాగ్రత్త ఉంటే, ఏమీ చదవని మనకెంత ఉండాలి? ఆ అయిదూ మన ఇళ్ళకి అన్వయించి చెబుతాను, వినండి.

మొదటిది, సరైన మనిషి. "మా ఆయనకి ఈ బిళ్ళ ఒక్కటి వేస్తే నడుంనొప్పి మాయం, మీరూ వేసుకోండి" అని పక్కింటావిడకి ఇస్తాం. కూర పంచుకున్నట్టు మందు పంచుకోకూడదు. ఆవిడకి కడుపులో పుండు ఉందేమో, మూత్రపిండాల జబ్బు ఉందేమో, కడుపుతో ఉందేమో మనకేం తెలుసు? నొప్పిబిళ్ళలు చాలా మటుకు ఈ ముగ్గురికీ పడవు. మెతోట్రెక్సేటైతే గర్భిణులు అసలు ముట్టుకోకూడదు.

రెండోది, సరైన మందు. అట్టని కత్తెరతో ముక్కలు చేసేటప్పుడు పేరు, గడువు తేదీ ఉన్న వైపు పోగొట్టకండి. బిళ్ళని రంగుతో గుర్తుపెట్టుకోకండి. కంపెనీ మారితే రంగు మారుతుంది. నేను పచ్చరంగుని నమ్మి మోసపోయాను. ఒక్కో మందుకీ వేరే కవరు పెట్టి, ఎవరికి, దేనికి, ఎప్పుడు అన్నది దాని మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. ఆ మూడు మాటలూ చెప్పించుకోనిదే డాక్టరుగారి ముందు నుంచో, మందులషాపు ముందు నుంచో కదలకండి. మొహమాటానికి పోయి నేను పడిన పాట్లు మీరు పడవద్దు.

మూడోది, సరైన మోతాదు. పిల్లల జ్వరానికి వాడే పారాసిటమాల్ సిరపు అందరిళ్ళలోనూ ఉంటుంది. ఒక సీసాలో 5 మిల్లీలీటర్లకి 120 లేక 125 మిల్లీగ్రాముల మందు ఉంటే, ఇంకో సీసాలో అదే 5 మిల్లీలీటర్లకి 250 ఉంటుంది. చంటిపిల్లల చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100 దాకా ఉంటుంది. "ఎప్పుడూ ఒక చెంచా పోస్తాను" అంటే సీసా మారినప్పుడు రెట్టింపు పోసినట్టే. మోతాదు పిల్లవాడి బరువుని బట్టి, కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల పిల్లవాడికి ఒకసారికి 100 నుంచి 150. ఒకసారికీ మరోసారికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, రోజుకి నాలుగుసార్లు దాటకూడదు. మూడు నెలలు నిండని పసివాడికి జ్వరమొస్తే సీసా తియ్యకుండా డాక్టరు దగ్గరికే పరుగెత్తాలి. కొలతకి వంటింటి చెంచా పనికిరాదు, ఒక్కొక్కటి ఒక్కో లోతు. సీసాతో వచ్చే గిన్నెమూతో, సూదిలేని సిరంజియో వాడండి. పెద్దవాళ్ళకైనా సరే, జలుబు బిళ్ళల్లో చాలా వాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. జ్వరానికొకటి, జలుబుకొకటి, తలనొప్పికొకటి వేసుకుంటే పేర్లు మూడైనా మందు ఒక్కటే. అది శ్రుతి మించితే కాలేయం దెబ్బతింటుంది.

నాలుగోది, సరైన దారి. నవ్వకండి, చెవిలో చుక్కలు కంట్లో వేసుకున్నవాళ్ళున్నారు. ఉబ్బసానికి పీల్చవలసిన గొట్టం మందుని నీళ్ళతో మింగేసి, "ఆయాసం తగ్గలేదే" అని డాక్టరు మీద విసుక్కున్నవాళ్ళున్నారు. కొన్ని బిళ్ళలు నెమ్మదిగా కరగడానికి తయారుచేస్తారు. అలాంటివాటిని పొడిచేసి తేనెలో కలిపి పెడితే రోజంతా పట్టవలసిన మందు ఒక్కసారిగా ఒంటికి పడుతుంది. పొడి చెయ్యవచ్చునా అని ముందు అడగండి.

అయిదోది, సరైన వేళ. థైరాయిడు బిళ్ళ పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకుండా, తాగకుండా ఉండాలి. మనలో చాలామంది పొయ్యి మీద డికాక్షను వాసన రాగానే ఆ మాట మరిచిపోతాం. కాఫీ, టీలతో కలిస్తే రక్తం పట్టడానికి వేసుకునే ఇనుము బిళ్ళ కూడా ఒంటికి పట్టదు. నిమ్మరసంతోనో, ఉసిరికతోనో అయితే పడుతుంది. ఆ బిళ్ళతో మలం నల్లగా అవుతుంది, అది చూసి భయపడి మానెయ్యకండి. ఇక "వారానికొకసారి" అని రాసిన మందైతే వారం పేరు కూడా రాయించుకోండి. ఇప్పుడు మా రాజోలు ఇంట్లో కేలండరుకి ఒక పెన్సిలు కట్టి ఉంది. మందు ఇచ్చిన మనిషి ఆ తేదీ మీద సున్న చుట్టాలి. సున్న లేకపోతే మందు ఇవ్వలేదని అర్థం. రెండోసారి ఇచ్చే ప్రమాదం లేదు.

ఇంతా విని, "మందులంటే ఇంత ప్రమాదమా, అసలు మింగకపోతే పోలే" అనుకునేరు సుమండీ! అది నా పొరపాటుకి అన్నయ్యలాంటిది. దానికీ మా కోనసీమలోనే ఉదాహరణ ఉంది.

బోదకాలు మా వైపు అందరికీ తెలిసిన కష్టం. మా ఇంట్లోనే ఒక పెద్దావిడ జీవితమంతా చీర కుచ్చెళ్ళు నేలకి జారవిడిచి కాలు దాచుకుంది. పెళ్ళిళ్ళకి వెళితే గోడవారగా కూర్చుని, అందరూ వెళ్ళాక లేచేది. ఆ జబ్బుకి కారణం సన్నని దారపుపోగులాంటి పురుగు. మురుగునీట్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పుట్టే క్యూలెక్స్ దోమ దాన్ని ఒకరి నుంచి ఇంకొకరికి మోస్తుంది. పురుగు పిల్లలు రాత్రివేళ రక్తంలోకి వస్తాయి, అందుకే ఆ పరీక్షకి రక్తం రాత్రిపూట తీస్తారు. దాన్ని అణచే మందు డైయిథైల్ కార్బమజీన్. డి.ఇ.సి. బిళ్ళలంటే మీకు వెంటనే గుర్తొస్తుంది. 1947లో అదీ సుబ్బారావుగారి ప్రయోగశాల నుంచే వచ్చింది! గోదావరి గట్టున పుట్టినవాడు అమెరికాలో ఉండి గోదావరి గట్టు జబ్బుకే మందు పంపినట్టయింది.

మనదేశంలో 2004 నుంచి, ఈ జబ్బున్న జిల్లాల్లో ఆ బిళ్ళలని ఏడాదికొకసారి ఇంటింటికీ తెచ్చి మింగించే కార్యక్రమం పెద్ద ఎత్తున మొదలైంది. 2 నుంచి 5 ఏళ్ళ పిల్లలకి 100 మిల్లీగ్రాములు, 6 నుంచి 14 దాకా 200, 15 దాటినవాళ్ళకి 300, దాంతోపాటు నులిపురుగుల ఆల్బెండజోల్ ఒకటి. రెండేళ్ళలోపు పిల్లలకీ, గర్భిణులకీ, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్ళకీ ఇవ్వరు. పరగడుపున వేసుకోకూడదు. కొందరికి జ్వరం, తలనొప్పి, వికారం వస్తాయి. అవి చాలా మటుకు రక్తంలో పురుగులు చావడం వల్ల వచ్చేవి, ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటాయి. ఏ బాధా రానివాళ్ళే ఎక్కువ.

మరి మనవాళ్ళు ఏం చేశారు? "అన్నం తిన్నాక వేసుకుంటాంలే అమ్మా" అని పుచ్చుకుని గూట్లో పెట్టారు. మా ఇంటి గూట్లోనూ ఉండేవి. "మాకేం జబ్బు, మాకెందుకు" అనుకున్నాం. కాలు వాచకముందు ఏళ్ళతరబడి పురుగు ఒంట్లో ఏ గుర్తూ లేకుండా ఉండగలదనీ, అలాంటివాళ్ళ నుంచే దోమ పక్కింటికి మోస్తుందనీ మాకు తెలియదు. ఒకసారి వాచి గట్టిపడిన కాలుని ఈ బిళ్ళలు మళ్ళీ సన్నగా చెయ్యలేవు. అప్పుడిక రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా మెత్తగా అద్ది, కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకుని కాపాడుకోవడమే. దేశం 2027 నాటికి ఈ జబ్బుని వదిలించుకోవాలని లక్ష్యం పెట్టుకుంది. మీ గడప దగ్గరికి ఆ బిళ్ళలు వస్తే, ఇచ్చిన అమ్మాయి ఎదురుగానే మింగండి.

ఒక మందు అడగకుండా ఎక్కువ మింగించాను. ఒక మందు అడగకుండానే గూట్లో పెట్టాం. రెండుచోట్లా తక్కువైంది ఒక్క ప్రశ్నే. అడిగితే లోకువ అవుతామనుకుంటాం గానీ, అడగని మందు పామై కరుస్తుంది.

మా అత్తగారికి డాక్టరుగారు ఆ మందు మానిపించి వేరేది మార్చారు. ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా మందులు నా చేతే ఇమ్మన్నారు ఆవిడ. నేను వెనకాడితే, "నువ్వైతేనే ఇప్పుడు రెండుసార్లు చూసి ఇస్తావే" అన్నారు. ఆ మాటకి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఈ ప్రసంగం అయ్యాక లేచి మీ మందుల డబ్బా ఒకసారి నేల మీద బోర్లించండి. గడువు దాటినవి తీసెయ్యండి. పేరు తెగిపోయినవి తీసెయ్యండి. మిగిలినవాటి మీద ఎవరికి, దేనికి, ఎప్పుడు అని రాయండి. రాయలేని మందు ఏదైనా మిగిలితే, అదే రేపు డాక్టరుగారిని అడగవలసిన మందు.